రాత్రి షిఫ్ట్‌లో నేను మూసేసిన అలర్ట్ నిజమైన దాడి అని తేలింది. దర్యాప్తు సరిగా చేయడం ఎలా నేర్చుకోవాలి?

వేకువజాము (ప్రశ్న)

నమస్కారం. వేరే సంస్థల కంప్యూటర్ల మీద సైబర్ దాడులు జరుగుతున్నాయేమో కనిపెట్టే, హైదరాబాద్‌లోని ఒక సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో ఎల్1 (మొదటి అంచె) అనలిస్ట్‌గా చేరి నాకు తొమ్మిది నెలలయింది. నంద్యాల దగ్గర ఈసీఈ చదివి, అమీర్‌పేటలో నాలుగు నెలలు నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ కోర్సులు చేసి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఒక్కో రాత్రి నా క్యూలోకి 120 నుంచి 150 వరకు అలర్ట్‌లు వస్తాయి. ఒక్కొక్కటీ తీసి చూసి, అనుమానం ఉంటే ఎల్2కి (పై అంచె అనలిస్ట్‌లకు) పంపడం, లేకపోతే కారణం రాసి టికెట్ మూసేయడం నా పని.

మార్చి నెలాఖరున ఒక రాత్రి 2 గంటల 40 నిమిషాలకు, మేము పర్యవేక్షించే ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలోని ల్యాప్‌టాప్ మీద ‘ఎన్‌కోడ్ చేసిన పవర్‌షెల్ కమాండ్ నడిచింది’ అనే అలర్ట్ వచ్చింది. పవర్‌షెల్ అంటే విండోస్‌లో కమాండ్‌లు, స్క్రిప్ట్‌లు నడిపే సాధనం. ఆ సంస్థ ఐటీ వాళ్ల ఇన్వెంటరీ ఏజెంట్ (యంత్రాల్లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో లెక్క తీసే ప్రోగ్రామ్) రోజూ రాత్రి రెండు, మూడు గంటల మధ్య అన్ని యంత్రాల్లోనూ ఇలాంటి కమాండ్‌నే నడుపుతుంది కాబట్టి, ఈ అలర్ట్ మాకు ప్రతి రాత్రీ ఇరవై ముప్పై సార్లు కనిపించేదే. పేరు అదే, సమయం అదే. నేను ‘తెలిసిన స్క్రిప్ట్, ఫాల్స్ పాజిటివ్’ అని, అంటే ఉత్త హెచ్చరికేనని, నాలుగు మాటలు రాసి మూసేశాను.

ఉదయం 9 గంటలకు పగటి షిఫ్ట్‌లోని సీనియర్ ఒకరు, అదే సంస్థ ఫైల్ సర్వర్‌లో కొత్త సర్వీసు ఇన్‌స్టాల్ అయినట్లు చెప్పే 7045 ఈవెంట్‌ను పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ వెళితే, దాని మొదలు నేను మూసేసిన ఆ ల్యాప్‌టాప్ దగ్గరే తేలింది. సంవత్సరాంతపు లెక్కల కోసం అర్ధరాత్రి దాకా పనిచేస్తున్న ఒక ఉద్యోగి, ఇన్‌వాయిస్ అనే పేరుతో వచ్చిన జిప్ ఫైలులోని జావాస్క్రిప్ట్ ఫైలును తెరిచారు. ఆ రాత్రి పవర్‌షెల్‌ను మొదలుపెట్టింది ఇన్వెంటరీ ఏజెంట్ కాదు, ‘డబ్ల్యూస్క్రిప్ట్’, అంటే అలాంటి స్క్రిప్ట్ ఫైళ్లను నడిపే విండోస్ ప్రోగ్రామ్. ఆ సంగతి అలర్ట్‌లోనే, నేను తెరవని రెండో ట్యాబ్‌లో రాసి ఉంది. ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ కాకముందే మా వాళ్లు ఆపగలిగారు.

నన్నెవరూ తిట్టలేదు. అయినా అప్పటి నుంచి ప్రతి అలర్ట్‌నూ మూసేముందు చేయి ఆగిపోతోంది, భయపడి అన్నీ ఎల్2కి పంపేస్తున్నాను, వాళ్లు విసుగుపడుతున్నారు. నాకున్న పది నిమిషాల్లో ఏం చూడాలి? ఎప్పుడు ధైర్యంగా మూయాలి? ఈ పని తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాత లాగులు

వేకువజాము గారూ, నేను పద్నాలుగేళ్లుగా ఇన్సిడెంట్ రెస్పాన్స్‌లో, అంటే దాడులను దర్యాప్తు చేసి అడ్డుకునే పనిలో ఉన్నాను. మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. మీ పొరపాటు అలర్ట్‌ను మూయడంలో లేదు, అలర్ట్ పేరు చూసి మూయడంలో ఉంది. పేరు అనేది రూల్ రాసినవారి ఊహ మాత్రమే. యంత్రంలో ఆ క్షణాన ఏం జరిగిందన్నది లాగ్ చెబుతుంది, దర్యాప్తు అంటే ఆ రెంటి మధ్య దూరాన్ని కొలవడం.

ప్రాసెస్‌కు సంబంధించిన ఏ అలర్ట్ వచ్చినా నేను ముందు చూసేది దాని తల్లి ప్రాసెస్‌నే, అంటే దాన్ని మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌నే. సిస్‌మాన్ (యంత్రంలో జరిగేవాటిని వివరంగా లాగ్ చేసే మైక్రోసాఫ్ట్ సాధనం) ఉన్న యంత్రమైతే ఈవెంట్ 1లో తల్లి ప్రాసెస్ పేరు, దాని పూర్తి కమాండ్ లైన్, హ్యాష్ (ఫైలును గుర్తుపట్టే వేలిముద్ర లాంటిది) అన్నీ ఒకేచోట ఉంటాయి. సిస్‌మాన్ లేకపోతే విండోస్ సెక్యూరిటీ లాగ్‌లోని 4688 (కొత్త ప్రాసెస్ మొదలైందని చెప్పే ఈవెంట్) చూడాలి, కాకపోతే అందులో కమాండ్ లైన్ కనిపించాలంటే ఆ పాలసీని ముందే ఆన్ చేసి ఉండాలి, డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లోనే ఉంటుంది. మీరు పర్యవేక్షించే ప్రతి సంస్థలోనూ అది ఆన్‌లో ఉందో లేదో ఈ వారంలోనే కనుక్కోండి, అవసరం పడిన రాత్రి కనుక్కుంటే ఉపయోగం ఉండదు.

తల్లి ఎవరో తెలిశాక బిడ్డ ఏం మాట్లాడిందో చదవాలి. ఎన్‌కోడ్ చేసిన కమాండ్ అంటే చాలామంది కొత్తవారు అది చదవరానిదని వదిలేస్తారు. అది రహస్య లిపి కాదు, ఎవరైనా తిరిగి మామూలు రూపంలోకి మార్చగల బేస్64 అనే రాత పద్ధతి మాత్రమే. పవర్‌షెల్ తన కమాండ్‌ను యూటీఎఫ్-16లో (ఒక్కో అక్షరాన్ని రెండు బైట్లలో రాసే పద్ధతిలో) తీసుకుంటుంది కాబట్టి డీకోడ్ చేసినప్పుడు ప్రతి అక్షరం పక్కన ఒక ఖాళీ బైట్ వస్తుంది, దాన్ని చూసి తప్పుగా డీకోడ్ అయిందని అనుకోకండి. ఇంగ్లిష్ అక్షరాల్లో జే, ఏ, బీ అని మొదలయ్యే పొడవాటి తీగ కనిపిస్తే అది డాలర్ గుర్తుతో, అంటే ఒక వేరియబుల్‌తో మొదలయ్యే స్క్రిప్ట్ అని డీకోడ్ చేయకుండానే చెప్పవచ్చు. కొన్నాళ్లు చూస్తే మీ కళ్లకూ అలవాటవుతుంది. ఇంకా సులువైన దారి ఒకటుంది. స్క్రిప్ట్ బ్లాక్ లాగింగ్ ఆన్‌లో ఉంటే, పవర్‌షెల్ తాను నిజంగా నడిపిన కోడ్‌ను 4104 ఈవెంట్‌లో డీకోడ్ అయిన రూపంలోనే రాసి పెడుతుంది. ఆ రాత్రి మీరు 4104 తెరిచి ఉంటే, బయటి చిరునామా నుంచి ఏదో దించుకుని మెమరీలోనే నడిపించే వాక్యం మీ కళ్లబడి ఉండేదని అనుకుంటున్నాను.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. క్లయింట్ డేటా ఉన్న కమాండ్‌ను తీసుకెళ్లి ఇంటర్నెట్‌లో దొరికే ఏదో డీకోడర్ పేజీలో అతికించకండి. సైబర్‌షెఫ్ లాంటి డీకోడింగ్ సాధనాన్ని మీ యంత్రంలోకే దించుకుని ఆఫ్‌లైన్‌లో వాడుకోవచ్చు. అలాగే అనుమానపు ఫైలును నేరుగా, ఫైళ్లను పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌కు ఎక్కించకండి, ముందు దాని హ్యాష్‌ను మాత్రమే వెతకండి. ఒకసారి ఎక్కించిన ఫైలు ఇతర చందాదారులకూ అందుబాటులోకి వస్తుంది. అందులో క్లయింట్ జీతాల పట్టిక ఉంటే దాడి చేసినవాడి కన్నా ముందు మనమే దాన్ని బయటపెట్టినవాళ్లమవుతాం.

ఆ తర్వాత, ఆ సమయానికి పది నిమిషాలు ముందు, పది నిమిషాలు వెనుక ఆ యంత్రం ఎవరితో మాట్లాడిందో చూడండి: కొత్త డొమైన్ చిరునామా కోసం డీఎన్ఎస్ విచారణ వెళ్లిందా, ఆ ఖాతాతో మరో యంత్రంలో 4624 (లాగాన్ విజయవంతమైందని చెప్పే ఈవెంట్) కనిపించిందా, అది నెట్‌వర్క్ మీదుగా వచ్చిన టైప్ 3నా, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చిన టైప్ 10నా. మీ కేసులో ల్యాప్‌టాప్ నుంచి ఫైల్ సర్వర్‌కు టైప్ 3 లాగాన్, వెంటనే 7045 వరసగా ఉండి ఉంటాయి. దాడి పద్ధతులను వర్గీకరించే మైటర్ అటాక్ పట్టికలో ఇవన్నీ వేర్వేరు గడులు, జావాస్క్రిప్ట్, పవర్‌షెల్ రెండూ టీ1059 కింద, విండోస్ సర్వీసు టీ1543 కింద వస్తాయి. కానీ లాగ్‌లో మాత్రం అది ఒకే మనిషి నడిచిన దారి. పట్టికను కంఠస్థం చేయడం కన్నా ఆ నడకను పోల్చుకోవడం ముఖ్యం.

నేను అందరికన్నా ఎక్కువగా పట్టుబట్టేది టికెట్ మూసేటప్పుడు రాసే మాటల మీద. ఏం చూశారో రాయండి, దాని కింద ఏం చూడలేదో కూడా రాయండి. ‘తల్లి ప్రాసెస్ చూడలేదు’ అని మీరు ఆ రాత్రి నిజాయితీగా రాయాల్సి వచ్చి ఉంటే, రాస్తున్నప్పుడే మీ చేయి ఆ రెండో ట్యాబ్ వైపు వెళ్లేది. నా దగ్గర పనిచేసేవారు అలర్ట్‌ను తప్పుగా మూస్తే నేను అడగను, చూడనిదాన్ని చూసినట్లు రాస్తే మాత్రం అడుగుతాను.

చేతులు అలవాటు పడాలంటే ఇంట్లో వర్చువల్‌బాక్స్‌లో ఒక విండోస్ యంత్రం పెట్టుకుని, సిస్‌మాన్ వేసి, ప్రమాదం లేని కమాండ్‌నే ఒకసారి మామూలుగా, ఒకసారి ఎన్‌కోడ్ చేసి, ఒకసారి జావాస్క్రిప్ట్ ఫైలు ద్వారా నడపండి. మూడుసార్లూ ఈవెంట్ 1 ఎలా మారిందో పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక ఆదివారం సాయంత్రం చాలు.

సర్వర్ గది

నేను అవతలి పక్షం మనిషిని. విజయవాడలో ఒక తయారీ సంస్థలో సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్‌ని, మాకు అలర్ట్‌లు చూసిపెట్టే సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. పాత లాగులు గారు చెప్పినదంతా అక్షరాలా నిజమే, కానీ భారమంతా ఆ అబ్బాయి మీదే పడితే న్యాయం కాదు. ఒకే హానిలేని పనికి రాత్రికి ముప్పైసార్లు మోగే రూల్ ఉన్నచోట, ముప్పైఒకటో సారిని ఎవరైనా అలాగే మూస్తారు. ఆ సంస్థ ఐటీ వాళ్లు ఇన్వెంటరీ ఏజెంట్ వివరాలు సెంటర్‌కు ముందే ఇచ్చి ఉంటే, సెంటర్ వాళ్లు ఆ ఏజెంట్‌ను రూల్ నుంచి మినహాయించి ఉంటే, ఆ రాత్రి మోగిన ఒక్కటీ ఒంటరిగా నిలబడి కనిపించేది.

అయితే మినహాయింపు రాయడం కూడా జాగ్రత్తగా చేయాల్సిన పని. కొందరు ఫలానా యంత్రాల్లో పవర్‌షెల్ అలర్ట్ వద్దు అని, లేదా రాత్రి రెండు నుంచి మూడు దాకా వద్దు అని రాసేస్తారు. అది గొళ్లెం తీసి పెట్టడమే. తల్లి ప్రాసెస్ ఇదీ, అది ఉన్న ఫోల్డర్ ఇదీ, దాని డిజిటల్ సంతకం ఫలానా సంస్థదీ అన్న మూడూ కలిసినప్పుడు మాత్రమే మోగకుండా ఉండేలా రాయాలి. పేరొక్కటే చూస్తే, దాడి చేసేవాడు తన ఫైలుకు మన ఏజెంట్ పేరే పెట్టుకుంటాడు.

ఇంకొక మాట, ఫోన్ గురించి. అర్ధరాత్రి సెంటర్ నుంచి మా ఉద్యోగికి ఫోన్ వచ్చి, ఇంగ్లిష్‌లో ‘మీరేం క్లిక్ చేశారు’ అని అడిగితే, నూటికి నూరుపాళ్లు వచ్చే జవాబు ‘నేనేమీ నొక్కలేదండీ’ అనే. ఉద్యోగం పోతుందన్న భయంతో వాళ్లు ఆ మెయిల్‌ను డిలీట్ కూడా చేసేస్తారు. మా అకౌంట్స్‌లో ఒక పెద్దావిడ అలాగే చేశారు. తర్వాత నేను వెళ్లి పక్కన కూర్చుని, ‘అమ్మా, ఈ సాయంత్రం నుంచి ఏమేం పని చేశారో వరసగా చెప్పండి, మీ తప్పేమీ లేదు’ అని తెలుగులో అడిగితే, ఏ వెండర్ పేరుతో మెయిల్ వచ్చిందో, జిప్ తెరవడానికి పాస్‌వర్డ్ ఎక్కడ రాసి ఉందో, తెరిచాక స్క్రీన్ మీద ఏమీ రాకపోవడంతో మళ్లీ రెండుసార్లు నొక్కానని, అన్నీ పూసగుచ్చినట్లు చెప్పారు. అదే మెయిల్ ఇంకో నలుగురికి వెళ్లిందని మాకు ఆమె వల్లే తెలిసింది.

అలాగే దయచేసి ‘వెంటనే ల్యాప్‌టాప్ ఆఫ్ చేయండి’ అని చెప్పకండి. ఆఫ్ చేస్తే మెమరీలో ఉన్న ఆధారం పోతుంది. ఈడీఆర్ (యంత్రాలను కాపలా కాస్తూ దూరం నుంచే నియంత్రించే సాఫ్ట్‌వేర్) నుంచి యంత్రాన్ని నెట్‌వర్క్‌కు దూరం చేయండి, అది లేకపోతే వైఫై ఆపి కేబుల్ తీయమనండి, పవర్ మాత్రం అలాగే ఉంచమనండి.

కృష్ణలంక నుంచి జెర్సీకి

న్యూజెర్సీలో ఒక ఆర్థిక సంస్థలో ఇదే పనిలో ఉన్నాను. భయపడి అన్నీ పైకి పంపేస్తున్నానని మీరు రాసిన వాక్యం దగ్గర ఆగాను. పైకి పంపితే మన బాధ్యత తీరినట్లు కాదని చెప్పడానికి మా వృత్తిలో అందరికీ తెలిసిన కేసు ఒకటుంది.

2013 చివర్లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల నుంచి దాదాపు 4 కోట్ల డెబిట్, క్రెడిట్ కార్డుల వివరాలు పోయాయి. దాడి చేసినవారు లోపలికి వచ్చింది ఏసీ, రిఫ్రిజిరేషన్ పనులు చేసే ఒక చిన్న కాంట్రాక్టరుకు ఇచ్చిన లాగిన్‌తో. టార్గెట్‌కు బెంగళూరులో పర్యవేక్షక బృందం ఉండేది. 2014లో వచ్చిన పత్రికా కథనాల ప్రకారం, నవంబరు 30న మాల్‌వేర్ అలర్ట్ మోగినప్పుడు బెంగళూరు బృందం దాన్ని చూసి మినియాపొలిస్‌లోని కేంద్రానికి తెలియజేసింది. అక్కడ దాని మీద చర్య తీసుకోలేదు. డిసెంబరు 12న అమెరికా న్యాయశాఖ వారు వచ్చి చెప్పాకే ఆ సంస్థ కదిలింది. బెంగళూరులో కూర్చున్న ఆ అనలిస్ట్‌లు తమ వంతు చేశారు. అయితే అలర్ట్ చేరడం వేరు, దాని అర్థం చేరడం వేరు. అందుకే నేను ఎల్2కి పంపేటప్పుడు మొదటి వాక్యంలోనే ‘ఇది ఎందుకు రోజూ వచ్చేదానిలాంటిది కాదు’ అన్నది రాస్తాను. జవాబు రాకపోతే అరగంటలో ఫోన్ చేస్తాను. మీరు అన్నీ పంపితే ఆ మొదటి వాక్యం రాయడానికి ఏమీ ఉండదు, ఎల్2 వాళ్ల విసుగుకు కారణం అదే.

మరొకటి 2016 ఫిబ్రవరిలో, బంగ్లాదేశ్ దేశపు కేంద్ర బ్యాంకైన బంగ్లాదేశ్ బ్యాంకులో జరిగింది. స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలు పంపే అంతర్జాతీయ వ్యవస్థ) లావాదేవీలను కాగితం మీద ముద్రించే ప్రింటర్ శుక్రవారం ఉదయం పనిచేయలేదు. ప్రింటర్లు మొరాయించడం మామూలే కాబట్టి సిబ్బంది దాన్ని రోజూ ఉండే ఇబ్బందిగానే చూశారు. అప్పటికే న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లోని ఆ బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తరలించమని నకిలీ ఆదేశాలు వెళ్లాయి, చివరికి 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరాయి. ఢాకాలో శుక్రవారం సెలవు, న్యూయార్క్‌లో శని, ఆదివారాలు సెలవు, మనీలాలో సోమవారం చైనా నూతన సంవత్సరపు సెలవు. మీ దాడి కూడా మార్చి నెలాఖరు రాత్రినే వచ్చిందని గమనించండి. మనం ఎప్పుడు అలసిపోయి ఉంటామో వాళ్లకు క్యాలెండర్ చూస్తే తెలుస్తుంది.

ఆరు గంటలు

విశాఖపట్నంలో ఒక సంస్థకు సెక్యూరిటీ కంప్లయన్స్ చూస్తాను. పై మిత్రులు చట్టం సంగతి ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వాటిలో పేర్కొన్న రకాల సైబర్ ఘటన ఏదైనా గమనించిన 6 గంటల్లోగా, లేదా ఎవరైనా దృష్టికి తెచ్చిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు నివేదించాలి. లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. యంత్రాల గడియారాలు ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో సరిపోయేలా ఉండాలి. నివేదిక పంపడం అనలిస్ట్ పని కాదు, దానికి ప్రతి సంస్థలోనూ బాధ్యులు వేరుగా ఉంటారు. కానీ ‘గమనించిన సమయం’ ఏది అన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ వెతికేది మీ టికెట్‌నే.

అందుకే పాత లాగులు గారితో ఒక చిన్న విభేదం. ‘చూడనిది రాయండి’ అన్నది మంచి అలవాటే. కానీ చూడకుండా వదిలినవాటి జాబితాను మాత్రమే రాసి మూసేస్తే, తెలిసీ వదిలేశారన్న అర్థం వస్తుంది. చూడనిది ఉంటే, ఎందుకు చూడలేదో కూడా ఒక ముక్క ఉండాలి: లాగ్ అందుబాటులో లేదనో, ఆ యంత్రానికి అనుమతి లేదనో.

పాత లాగులు

ఆ సవరణను అంగీకరిస్తున్నాను. కారణం కూడా రాయాలి. ‘సమయం చాలలేదు’ అన్నది కారణమైతే అదే రాయండి. పది టికెట్లలో ఆ మాట కనిపిస్తే మీ మేనేజర్‌కు షిఫ్ట్‌లో ఇంకో మనిషి కావాలని అడగడానికి ఆధారం దొరుకుతుంది.

వేకువజాము

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం నాడు ఇంట్లో సిస్‌మాన్‌తో ఆ మూడు ప్రయోగాలూ చేశాను. జావాస్క్రిప్ట్ ద్వారా నడిపినప్పుడు తల్లి ప్రాసెస్ గడిలో ‘డబ్ల్యూస్క్రిప్ట్’ అన్న మాటను నా చేతులతో నేనే తెప్పించుకుని చూశాక, ఇకపై అది నా కన్ను దాటిపోదన్న నమ్మకం కలిగింది. ఇన్వెంటరీ ఏజెంట్ ఫోల్డర్, సంతకం, హ్యాష్ వివరాలు పంపమని మా లీడ్ ద్వారా ఆ సంస్థ ఐటీ వాళ్లను అడిగాము, నిన్న పంపారు. మినహాయింపు రూల్ ఇంకా పరీక్షలో ఉంది.

నిన్న రాత్రి అదే అలర్ట్ మళ్లీ వచ్చింది. మూసేముందు నేను రాసింది ఇది, తప్పులుంటే చెప్పగలరు:

‘2:18కి వచ్చిన అలర్ట్. పవర్‌షెల్‌ను మొదలుపెట్టింది ఇన్వెంటరీ ఏజెంట్. ఫోల్డర్, సంతకం, హ్యాష్ మూడూ క్లయింట్ పంపిన జాబితాతో సరిపోయాయి. 4104లో కోడ్ పూర్తిగా చదివాను, ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్ పేర్లు సేకరించడం తప్ప వేరే పని లేదు. ముందు పది నిమిషాల్లో, తర్వాత పది నిమిషాల్లో ఈ యంత్రం నుంచి కొత్త చిరునామాలకు కనెక్షన్లు లేవు, ఈ ఖాతాతో ఇతర యంత్రాల్లో లాగాన్ లేదు. ప్రాక్సీ లాగ్ చూడలేదు, ఈ క్లయింట్ ప్రాక్సీ లాగ్‌లు మాకు రావు. హానిలేనిదిగా మూస్తున్నాను.’

పాత లాగులు

బాగా రాశారు. ఒక్కటే లోపం. 2:18 అంటే మన సమయమా, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీనా? మీ సీమ్ (లాగ్‌లన్నిటినీ ఒకచోట చేర్చి చూపే సాధనం) తెర మీద భారత కాలమానం చూపిస్తుంది, ముడి లాగ్‌లో యూటీసీ ఉంటుంది, అంటే అక్కడ ఇది ముందు రోజు తేదీతో 20:48గా కనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత ఈ టికెట్ తెరిచినవారు తప్పు తేదీ లాగ్‌లో వెతుకుతారు. తేదీ, కాలమానం రెండూ చేర్చండి. ప్రాక్సీ లాగ్‌లు (యంత్రాలు ఏ వెబ్‌సైట్లకు వెళ్లాయో చెప్పేవి) మీకు రావన్న సంగతిని కూడా టికెట్‌లోనే వదిలేయకుండా ఈ రోజే మీ లీడ్‌కు విడిగా మెయిల్ పెట్టండి.